దీర్ఘం లేని తాటాకు

దసరా సెలవులు వారం రోజుల్లో ఇస్తారనగా మా అమ్మాయి బడి నుంచి వస్తూనే, "అమ్మా, మా టీచర్లకి మనం ఏమిస్తున్నాం?" అని అడిగింది. దాని స్నేహితురాలి వాళ్ళు అవనిగడ్డ నుంచి పెన్నుల సెట్ తెచ్చారట. సరే, నేనూ ఈసారి బజారుకెళ్ళినప్పుడు రెండు తెస్తాలే అన్నాను.

అరుగు మీద కూర్చున్న మావయ్యగారు నవ్వారు. "మా చిన్నప్పుడు దసరాకి అయ్యవారే మమ్మల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారమ్మా. మా చేతుల్లో వెదురు విల్లంబులు, వాటికి రంగు కాగితాలు. పద్యాలు పాడితే ఇంటివాళ్ళు ఆయనకి డబ్బులు, మాకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. జీతం అంతంతమాత్రం కదా, ఆయనకి ఆ దసరా మామూలే పెద్ద ఆసరా. నా విల్లు నేనే వంచుకునేవాణ్ణి" అన్నారు.

అంతే, ఇక పెన్నులు పనికిరాలేదు. మేమే చేస్తామని ఇద్దరూ పట్టుబట్టారు. అమ్మాయి మూడో తరగతి, అబ్బాయి ఒకటో తరగతి.

మా హంసలదీవిలో చేతికందేవి ఏముంటాయి? సముద్రపొడ్డున గవ్వలు, గట్ల మీద తాటిచెట్లు. మావయ్యగారు కల్లు గీసే అతనితో చెప్పి లేత తాటాకులు దింపించారు. పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకునే ముక్కలు చేద్దామన్నారు. ఈనెలు తీసేసి, రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించి, పసుపు వేసిన నీళ్ళలో ఉడకబెట్టాం. అలా చేస్తే పురుగు పట్టదట, పాతకాలం తాళపత్రాలకీ అంతేనట. నీడలో ఆరబెట్టి, వంకర తిరగకుండా బియ్యం డబ్బా కింద రెండు రోజులు ఉంచాం.

రాయడానికి గంటం మనకెక్కడిది? దబ్బనానికి గుడ్డ చుట్టి ఇచ్చాను. దానితో ఆకు మీద గీసి, పైన కాటుకలో రెండు చుక్కల నూనె కలిపి రుద్ది తుడిచేస్తే, గీసినచోట మాత్రం నల్లగా అక్షరాలు తేలతాయి. మొదటిసారి అక్షరం తేలినప్పుడు మా వాడు వేసిన కేకకి పక్కింటి పిన్నిగారు కూడా వచ్చి చూశారు. అడ్డంగా నిలువుగా గట్టిగా గీస్తే ఆకు చీలిపోతోంది, గుండ్రంగా తిప్పితే చీలడం లేదు. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి ఇదీ ఒక కారణమంటారు. మూడు ఆకులు చీల్చాక మావాడికి ఆ సంగతి బాగా అర్థమైంది.

అమ్మాయి తన టీచర్ గారికి పేరు రాసింది. బడిలో వంటచేసే అమ్మమ్మకి కూడా ఒకటి ఉండాలంది. ఆవిడకి చదువు రాదు కదా అని దాని మీద చేప బొమ్మ గీసింది. నిజం చెప్పొద్దూ, ఆవిడ సంగతి నాకు తట్టనే లేదు.

అబ్బాయి గంటసేపు నాలుక బయటపెట్టి కూర్చుని రాశాడు. "మా టిచర్". దీర్ఘం లేదు. 'చ' ఆకు అంచు దాకా పోయింది, 'ర్' కిందికి జారింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మంచి ఆకు ఒకటి తీసుకుని "మా టీచర్" అని ముత్యాల్లా రాసి, చుట్టూ చిన్న లత గీసి, వాడి సంచిలో పెట్టాను. వాడిది తీసి గూట్లో పడేశాను. తప్పుతో పంపితే తల్లికేం చదువొచ్చు అనుకుంటారేమోనని నా బాధ.

పొద్దున సంచి తెరిచి వాడు ఏడవలేదు. ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నేను రాయలేదు" అన్నాడు. గూట్లో వెతుక్కుని తన ఆకు కూడా సంచిలో పెట్టుకున్నాడు. అమ్మాయి నా వైపు ఒక్క చూపు చూసి చెప్పులేసుకుంది.

సాయంత్రం పిల్లల్ని తీసుకురావడానికి వెళ్తే టీచర్ గారు గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చారు. ఆవిడ రోజూ అవనిగడ్డ నుంచి బస్సులో వస్తారు. "మీవాడు రెండు ఇచ్చాడండీ. ఇది అమ్మ రాసింది, ఇది నేను రాసింది అని చెప్పి మరీ ఇచ్చాడు. మీ దస్తూరీ బాగుంది" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు రాశాడండీ, అందుకని... అని ఏదో నసిగాను. "ఆ దీర్ఘం నేర్పడానికేగా నేను బస్సెక్కి వస్తున్నది! సంక్రాంతికల్లా నేర్పుతాను, అప్పటిదాకా ఇది నా దగ్గరే ఉంటుంది" అంటూ హాజరు పట్టీ తెరిచి చూపించారు. లోపల వాడి ఆకు ఉంది.

దారిలో మా పెడన గుర్తొచ్చింది. మా పుట్టిల్లు అక్కడే. కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చులతో కలంకారీ అద్దకం వేయడం చూస్తూ పెరిగాను. అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకంత తేడా ఉంటే, అది చేత్తో అద్దిన గుడ్డ అని చిన్నప్పుడే గుర్తుపట్టేదాన్ని. అక్కడ మెచ్చుకున్న తేడాని నా బిడ్డ చేతిలో ఎందుకు ఓర్చుకోలేకపోయానో!

ఇంటికొచ్చాక వాడితో, "నీది తీసేయడం తప్పురా నాన్నా" అన్నాను. "నీదీ బాగుందిలే అమ్మా" అన్నాడు జాలిగా.

సంక్రాంతికి దీర్ఘం వచ్చేసింది. ఇప్పుడు అక్కర్లేని చోట కూడా పెడుతున్నాడు. మొన్న పలక మీద "తాతీయ్య" అని రాసి మావయ్యగారికి చూపించాడు. నేను నోరు మెదపలేదు. మావయ్యగారు కూడా దిద్దలేదు, పలక గోడకి ఆనించి పెట్టుకున్నారు.