జహీరాబాదులో దిగండి

హైదరాబాదు నుంచి బీదరుకు రెండు దారులు. రైలైతే లింగంపల్లి, శంకర్‌పల్లి దాటి వికారాబాదు దాకా పోయి, అక్కడ మళ్లుకుని జహీరాబాదు మీదుగా బీదరు చేరుతుంది. బస్సుదేమో పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేటల మీదుగా 65వ జాతీయ రహదారి. "బస్సుల నడుం ఇరుగుతది, రైలెక్కు" అని చిన్నమ్మ పోరింది. అయినా బస్సే ఎక్కాను. సంగారెడ్డి పట్టణానికి రైలు లేదు, నాకా దారి చూడాలని ఉంది.

హైదరాబాదుదీ బీదరుదీ పాత బంధుత్వం. గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశాన్ని నిలబెట్టిన సుల్తాన్ కులీ మొదట బీదరు బహమనీల కొలువులోని వాడే. బహమనీ రాజ్యం చీలినాకే గోల్కొండకు సొంత గద్దె వచ్చింది. ఆ గోల్కొండ సుల్తానులే 1591లో హైదరాబాదు కట్టారు.

పటాన్‌చెరు దగ్గరికి రాగానే ముందు సీటాయన కిటికీ అద్దం జరిపేశాడు. ముక్కులో ఘాటు. ఇక్కడి ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరుతోందని 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఇక్కడి మందులు దేశదేశాలకు పోతాయి, మురుగు మాత్రం వాగు పక్క బావుల్లోకి దిగింది. ఆ బావుల మీద బతికిన రైతులను తలుచుకుంటే నాకు కోపం ఆగదు. అదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఆ సంస్థ చలిగదుల్లో జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి వంటి పంటల విత్తనాలు లక్షకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయి.

కంది ఊరి దగ్గర ఐఐటీ, సంగారెడ్డిలో మ్యూజియంగా మారిన 1796 నాటి జైలు, సదాశివపేట. అన్నీ కిటికీలోంచే.

జహీరాబాదులో ఆకలై దిగాను. బస్టాండుకు కాస్త అవతల రేకుల కప్పు హోటలు. లోపల ఒక పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. ఉడుకు నీళ్లు పోసి పిసికిన పిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తడుతోంది. ఒక చెయ్యి తడుతుంటే రెండో చెయ్యి రొట్టెను తిప్పుతోంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, కర్రతో ఒత్తితే అంచులు పగులుతాయి. అందుకే ఈ తట్టుడు. రొట్టె జానెడయింది, మూరెడయింది, అంచు మాత్రం చెదరలేదు. పెనం మీద వేసి, పైన నీళ్లు రాసి, తిరగేసి, ఆఖర్న నిప్పుల మీదికి తోసింది. బుస్సున పొంగింది. పళ్లెంలో పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం, కోసిన ఉల్లిగడ్డ. నేను నీళ్లు తాగుతూ కూర్చుంటే కసిరింది.

"సల్లారితే తోలైతది బిడ్డా, ఏడి మీదనే తిను."

తిన్నాను. జొన్న తీపి, పుంటికూర పులుపు, కారం ఘాటు దేనికదే తెలిసింది. నక్షత్రాల హోటళ్లలో 'మిల్లెట్ థాలీ' అని పెట్టేది దీని ముందు దిగదుడుపు.

"ఏ జొన్నలమ్మా ఇవి?"

"మాయే. యాసంగి తెల్లజొన్న. ఇత్తనం మా అత్త నాటిది."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పక్కనే పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల ఆడవాళ్లు, ఎక్కువగా దళిత రైతులు, ఒకే చెలకలో జొన్న, కంది, సజ్జ, కొర్ర కలిపి పండిస్తారు. ఒకటి పోయినా ఇంకోటి ఇల్లు గడుపుతుంది. విత్తనాన్ని బూడిదా వేపాకూ కలిపి గుల్లల్లో దాచుకుంటారు. సంక్రాంతి దాటాక ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా పాతపంటల జాతర తీస్తారు. ఇక్రిశాట్ చలిగదిలో విత్తనం వచ్చిన నాడు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. ఈ గుల్లలోది ఏటేటా వాననూ కరువునూ చూస్తూ వాటికి అలవాటు పడుతుంది. రెండూ కావాలి. కానీ చలిగదికి దొరికే నిధుల్లో, గౌరవంలో పిసరంతైనా ఈ గుల్లలకు దక్కడం లేదు.

హోటల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బెంచీ మీద మాట్లాడుకుంటున్నాయి. 1956 దాకా జహీరాబాదు బీదరు జిల్లాలోదే మరి.

బీదరులో కోటా, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా, దానికి మిగిలిన ఒక్క మీనారూ, నల్లటి లోహం మీద వెండి పొదిగే బిద్రీ పనివాళ్ల గల్లీ చూశాను. బిద్రీ సామానుకు ఆ నలుపు కోట మట్టితోనే వస్తుందట. తిరుగు రైల్లో సుఖంగా నిద్రపోయాను.

పోయేవాళ్లకు నా మాట ఇదే: వచ్చేటప్పుడు రైలెక్కండి, పోయేటప్పుడు పగటి బస్సే ఎక్కండి. ఇంట్లో టిఫిను తినకుండా బయల్దేరి, జహీరాబాదులో దిగండి.