నేను రైల్వే మంత్రినైన వేళ

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదో ఒకటి రాసి తీరాలని సంపాదకవర్గం మిత్రులు నెల రోజులుగా వెంటపడుతున్నారు. కవిత్వం నాకు చేతకాదు. కథ అంటే ప్రేమ గురించే రాయాలట, ఆ అనుభవం లేదు. పోనీ కాంతి ధ్రువణం మీద ఒక వ్యాసం రాస్తానంటే, "పరీక్షకు చదివింది చాలదా బాబూ, సంచికలో కూడానా" అన్నారు. చివరికి వారిలో ఒకడు "నువ్వు మంత్రిగిరీ వెలగబెట్టిన సంగతి రాయరాదూ" అన్నాడు. వెక్కిరింపుగానే అన్నాడు గానీ, ఆలోచిస్తే నేను రాయవలసింది అదొక్కటే అనిపించింది. హాస్టల్లో నన్నిప్పటికీ "మంత్రిగారూ, సాంబారు ఇటు జరపండి" అనే పిలుస్తున్నారు కదా! ఆ పిలుపు వెనక ఉన్న కథ అందరికీ తెలియదు.

కిందటి డిసెంబరులో మన కాలేజీలో యువజన పార్లమెంటు జరిగింది. ఆర్ట్సు విద్యార్థుల వ్యవహారం అది. సైన్సు వాళ్ళం చప్పట్లు కొట్టడానికే వెళ్తాం. కాని రైల్వే మంత్రి వేషం కట్టవలసిన అబ్బాయికి సరిగ్గా వారం ముందు పచ్చకామెర్లు వచ్చాయి. నా గొంతు పెద్దది. చేలో ఈ చివరి నుంచి ఆ చివరికి కేకేసి పెరిగిన గొంతు. రాజనీతిశాస్త్రం మాస్టారు విని, "ఈ గొంతు మంత్రికి చాలు, విషయం నేను చెబుతాను" అన్నారు.

నాకిచ్చిన ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం ఎంతవరకు వచ్చింది? మా ఇల్లు ముక్తేశ్వరం రేవుకి కూతవేటు దూరం. ఆ ప్రశ్న మా ఇంట్లో నేను పుట్టక ముందు నుంచీ ఉంది.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది, 45 కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మా ముత్తాత గోదావరి దాటి, ఆ రైలెక్కి కాకినాడ కోర్టు వాయిదాలకు వెళ్ళేవాడట. పట్టాలు పోయాక వాయిదాలు మాత్రం పోలేదని తాతయ్య చమత్కారం. ఆ పట్టాలు మళ్ళీ పడి రైలు నడిచింది 2004లో. అంటే పీకినవి మళ్ళీ వేయడానికే అరవై నాలుగేళ్ళు. అక్కడి నుంచి గోదావరి పాయలు దాటి, కోనసీమ మీదుగా నరసాపురం దాకా సుమారు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000-01 రైల్వే బడ్జెట్టులో మంజూరయింది. అప్పటికి జి.ఎం.సి. బాలయోగిగారు లోక్‌సభ సభాపతి, అమలాపురం నుంచి ఎన్నికైనవారు. సభాపతి స్థానంలో కూర్చున్నవారు ప్రశ్నలు వేయరు, వేయనిస్తారు. అయినా ఈ మార్గం ఆయన పట్టుదలతోనే వచ్చిందని మా వైపు ముసలివాళ్ళందరూ చెప్పుకుంటారు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయినప్పుడు తాతయ్య రెండు రోజులు అన్నం తినలేదని నాయనమ్మ అంటుంది. మంజూరైన మార్గానికి 2025లో పాతికేళ్ళు నిండాయి. అప్పటికి రైలు నదులు దాటలేదు.

నదులు అన్నాను, గమనించారా? ఒకటి కాదు, మూడు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ. ఇసుకలో పునాది దింపి, స్తంభం లేపి, దాని మీద ఇనప గర్డర్లు పరచాలి. పంటు మీద గౌతమి దాటుతుంటే ఆ స్తంభాలు కనిపిస్తాయి. పై భారం లేకుండా, నెత్తిన కొంగలతో నిలబడి ఉంటే చిన్నప్పుడు వాటిని కొంగల కోసం కట్టారనుకునేవాణ్ణి.

ఇక మంత్రిగా నా చదువు సంగతి. మాస్టారు పార్లమెంటులో ప్రశ్నలకు ఇచ్చే జవాబుల కట్ట ఒకటి నా ముందు పడేశారు. వారం రోజులు రాత్రిళ్ళు చదివాను. నిజం చెబుతున్నాను, మన పాఠ్యపుస్తకాల్లో లేని ఒక విద్య అందులో ఉంది. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు ఇరవై ఉంటాయి. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. చాలా రోజుల్లో ఇరవయ్యీ పూర్తి కావు, గంట కొట్టేస్తుంది. గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి కాగితం మీద జవాబు. కాగితాన్ని నిలదీయడం ఎవరి తరం? అందుకే అసలు పరీక్షంతా అనుబంధ ప్రశ్నలోనే ఉంది. మన వైవా లాంటిది. రికార్డు ఎవడైనా పక్కవాడిది చూసి రాయగలడు, వైవాలో దొరికిపోతాడు.

రైలు మార్గాల జవాబులకు ఒక పోత ఉంది. మొదట మార్గం పొడవు, తరువాత మంజూరైన సంవత్సరం, తరువాత ఇప్పటిదాకా అయిన ఖర్చు. ఆపైన భూసేకరణ, అడవుల అనుమతి, రాష్ట్రం ఇవ్వవలసిన వాటా, ఇలా ఎన్నో అంశాల మీద పని పూర్తి కావడం ఆధారపడి ఉంటుంది కాబట్టి గడువు చెప్పలేమని ముగింపు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు సుమా. మా మార్గం ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్న మాట నిజమే, భూమి లేకుండా పట్టాలు పడవన్నదీ నిజమే. అన్నీ నిజాలే పేర్చి, చివరికి వినేవాడికి ఏమీ తెలియకుండా చేయడమే ఆ విద్య. మా ల్యాబులో స్క్రూగేజి రీడింగు అడిగితే "అనేక అంశాలపై ఆధారపడి ఉంది" అని రాసి చూడండి, రికార్డు కిటికీలోంచి కింద పడుతుంది.

సభ రోజు వచ్చింది. అద్దెకు తెచ్చిన నెహ్రూ కోటు, చంకలో బిగువు. ప్రశ్న వేసింది ద్వితీయ సంవత్సరం అర్థశాస్త్రం అమ్మాయి. నేను లేచి, "అధ్యక్షా!" అని ఒక్క కేక పెట్టేసరికి హాలు సద్దుమణిగింది. పోత ప్రకారం అప్పజెప్పాను. పొడవు, ఏడాది, వాటా, భూమి, గడువు చెప్పలేను. ఆమె అనుబంధ ప్రశ్న వేసింది: "మంత్రిగారు ఆ స్తంభాలను ఎప్పుడైనా చూశారా?" అది మాస్టారు ఇచ్చిన కాగితంలో లేదు. జన్మంతా చూశాను తల్లీ అనాలి నిజానికి. నేనేమన్నానంటే, "గౌరవ సభ్యురాలి ఆవేదనను ప్రభుత్వం గుర్తించింది, విషయాన్ని తప్పక పరిశీలిస్తాం" అన్నాను. బల్లలు చరిచారు. ఈలలు. ఉత్తమ మంత్రి కప్పు నాకే వచ్చింది.

బహుమతి ఇస్తూ మాస్టారు ఒక మాట అన్నారు. "పరిశీలిస్తాం అని అన్నావు. అది నిజం పార్లమెంటయితే నీ మీద కేసు పెట్టినట్టే." అప్పుడు చెప్పారు. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి లోక్‌సభలో 1953 నుంచీ ఉందట. 'పరిశీలనలో ఉంది', 'చూస్తాను', 'సమాచారం తెప్పించి సభ ముందుంచుతాం' లాంటి మాటల జాబితా ఒకటి ఉంది. మంత్రి నోట ఆ మాటల్లో ఏది వచ్చినా హామీ కింద రాసుకుంటారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, కాకపోతే గడువు అడగాలి. హాయిగా వదిలేసిన మాటకు ఎవరో ఎక్కడో చిట్టా రాస్తున్నారంటే నాకు ఒళ్ళు జలదరించింది. గడువులు పొడిగించుకుంటూ పోవడం కూడా మామూలేనని ఆయనే అన్నారనుకోండి.

ఆ మీదట నాకు దీనిమీద పిచ్చి పట్టింది. వేవ్ ఆప్టిక్స్ పక్కన పెట్టి లైబ్రరీలో ఇవే చదివాను (సెమిస్టరు మార్కుల్లో ఫలితం కనబడింది, అది వేరే కథ). ఎన్ని కళ్ళున్నాయో చూడండి. 1993 నుంచి రైల్వేలకో స్థాయీ సంఘం ఉంది, 31 మంది సభ్యులు. ఏటా రైల్వే పద్దు తీసి, అడిగిందెంత, ఇచ్చిందెంత, ఖర్చయిందెంత అని చూస్తుంది. ఖర్చయ్యాక కాగ్ లెక్క చూస్తుంది, దాన్ని ప్రజాపద్దుల సంఘం పట్టుకుంటుంది. 2022 డిసెంబరులో పట్టాలు తప్పే ప్రమాదాల మీద కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. పట్టాల పునరుద్ధరణకు కేటాయింపు 2018-19లో 9,607 కోట్లు, మరుసటి ఏడు 7,417 కోట్లు అని అందులో ఉంది. పట్టాల మీద యంత్రాలతో జరగవలసిన తనిఖీలు జరగవలసినన్ని జరగలేదని కూడా ఉంది. ఎవరైనా చదవవచ్చు, రహస్యమేమీ లేదు. చదివేవాళ్ళేరీ? 2023 జూన్ 2న బాలాసోర్ దుర్ఘటన జరిగాక మాత్రం అందరూ ఆ నివేదికను బయటికి తీశారు. నిజానికి బాలాసోర్‌లో తప్పు పట్టాలది కాదు, సిగ్నలు పనిది అని విచారణలో తేలింది. కోపంలో మనమూ ఒక లెక్క బదులు ఇంకో లెక్క చూపిస్తుంటాం.

సంక్రాంతికి కప్పు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. పంటు మీద కప్పును కండువాలో చుట్టి పట్టుకుంటే, పక్కాయన కొత్తకుండ అనుకుని "ఎంతకిచ్చాడు?" అన్నాడు.

తాతయ్యకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆయనకు రైలు బడ్జెట్టు ఒక పండుగ. ఏటా ఫిబ్రవరిలో అరుగు మీద రేడియో పెట్టి, తరువాత టీవీ పెట్టి, కొబ్బరి దింపు కూడా ఆ రోజుకు ఆపించేవాడట. 1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్టును 2017లో మామూలు బడ్జెట్టులో కలిపేశారు. విడిగా వచ్చిన చివరిది 2016 ఫిబ్రవరి 25న. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోడు. "మన మార్గం పేరు చదివేవాడే లేకుండా చేశార్రా" అంటాడు. ఏ మార్గానికి ఎంతో పింక్ బుక్కులో అచ్చేస్తూనే ఉన్నారు తాతయ్యా అంటే, "పుస్తకంలో ఉంటే నాకేం వినపడుద్ది?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా నాన్న దారి వేరు. ఆయనకు రైలంటే కోపం. మా తోట పక్కగా ఎవరో వచ్చి ఒక రాయి పాతి వెళ్ళారు. దానికి ఇవతల మాది, అవతల కూడా మాదే, ఎంతకాలం మాదో తెలియదు. ఆ వైపు వరసలో ముసలి చెట్లు కాపు తగ్గాయి. కొత్త మొక్క వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు. వేయాలా, మానాలా? మా నాన్న ప్రతి తొలకరికీ ఆ రాయి దగ్గర నిలబడి, ఒక చుట్ట కాల్చి, వెనక్కి వచ్చేస్తాడు. "రైలు వస్తే వస్తానని చెప్పాలి, రాకపోతే రానని చెప్పాలి. నాకు రెండూ సమ్మతమే" అంటాడు.

భోగి నాటి రాత్రి మంట దగ్గర అందరూ చేరి, నన్ను మంత్రి వేషం మళ్ళీ వేయమన్నారు. కోటు లేకపోయినా వేశాను. "అధ్యక్షా" అనగానే పిల్లలు పడీపడీ నవ్వారు. పోత మొత్తం అప్పజెప్పి, గడువు చెప్పలేనని ముగించాను. అమ్మ దిష్టి తీస్తానంది. తాతయ్య నవ్వలేదు.

"బాగా చెప్పావు. మరి ఎప్పుడంట్రా?" అన్నాడు.

"అది నాటకం తాతయ్యా."

"నాటకమే. నువ్విక్కడివాడివి, ఆ రాయి తెలుసు, స్తంభాలు తెలుసు. నీకే ఎప్పుడో చెప్పాలనిపించలేదా? ఢిల్లీలో ఉన్నాయన్ని అనుకోడమెందుకు మరి?"

మంటలో దుంగ సర్దే నెపంతో తల వంచుకున్నాను. మొహం వేడెక్కింది మంట వల్లనే అనుకున్నారు అంతా. ఆ అమ్మాయి స్తంభాలు చూశారా అని అడిగినప్పుడు చూశానని చెప్పడానికి నాకేం అడ్డొచ్చింది? కప్పు పోతుందని. కప్పు కోసం నేను చేసిన పనిని, కప్పు కన్నా పెద్దవాటి కోసం పెద్దవాళ్ళు చేస్తున్నారంతే.

మర్నాడు పండుగ భోజనాలయ్యాక కాగితం తీసుకుని కూర్చున్నాను. పార్లమెంటు సభ్యుడు ప్రశ్న వేయాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎప్పుడు పూర్తవుతుంది అని అడిగితే వచ్చే జవాబు ఏమిటో నాకు నోటికి వచ్చు, నేనే చెప్పాను కదా. అందుకని అది అడగలేదు. మూడు నదుల మీద ఒక్కొక్క వంతెనకు ఎన్ని గర్డర్లు కావాలి, ఎన్ని పెట్టారు? ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలు చేతికి రావాలి? రాళ్ళు పాతిన భూముల్లో అవసరం లేదని తేలినవి ఏవైనా ఉన్నాయా? అన్నీ అంకెలతో చెప్పవలసినవే. మా ప్రాంతపు సభ్యునికి, స్థాయీ సంఘానికి చెరొక ప్రతి రాశాను.

మూడో ప్రశ్న నాన్న కోసం. చదివి వినిపిస్తే ఏమీ అనలేదు. కాసేపటికి తనే వచ్చి, "మన సర్వే నంబరు కూడా వెయ్యి" అన్నాడు.

తాతయ్య సంతకం పెద్ద అక్షరాలతో, కాగితం అంచు దాకా వచ్చింది. కింద తేదీ వేయమంటే వేసి, "చూశావా, నేను తేదీ వేశాను" అన్నాడు. తిరిగి కాలేజీకి వచ్చేటప్పుడు కోటిపల్లి రేవులో దిగి, అక్కడి పోస్టు డబ్బాలోనే రెండూ వేశాను. కప్పు ఇంటి దగ్గరే ఉంది. దింపు లెక్కకు నాన్న అందులో గవ్వలు వేసుకుంటున్నాడు.