ఒక యూనిట్ కరెంటుకు ఎంత కంబళి?

'హరితగృహ వాయువులు' అన్న మాట వినగానే మా తెలుగు తరగతి పిల్లలు పచ్చరంగు వేసిన ఇంటిని ఊహించుకున్నారు. తమిళ పుస్తకంలోని 'పసుమై ఇల్లం' కూడా వారికి అట్టిదే. చలిదేశాలలో మొక్కలకై కట్టే గాజు ఇంటిని కోయంబత్తూరు, మదురై పల్లెలలో ఎవరు చూశారు? కనుక భూమికి కప్పిన కంబళి అన్నాను. కంబళి తానుగా వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు. బొగ్గు మండినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ కంబళిని మందం చేస్తుంది. ఈ మాట వెంటనే పట్టుబడింది.

తరువాత లెక్క. ఐక్యరాజ్యసమితికి చెందిన ఐ.పి.సి.సి. 2014 నివేదికలో, గని తవ్వకం, యంత్రాల తయారీ సైతం కలిపి, యూనిట్ ఒక్కింటికి మధ్యస్థ విలువలు ఇచ్చారు. బొగ్గుకు 820 గ్రాములు, సహజవాయువుకు 490, పెద్ద సౌరకేంద్రానికి 48, జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12, నేలమీది గాలిమరకు 11. బావిమీది ఐదు హార్స్‌పవర్ మోటారు నాలుగు గంటలు నడిస్తే సుమారు 15 యూనిట్లు. అన్నీ బొగ్గువైతే 12 కిలోల 300 గ్రాములు. గాలివైతే 165 గ్రాములే. పిల్లలు నమ్మలేక మళ్ళీ గుణించారు. తమిళనాట వ్యవసాయ మోటారుకు కరెంటు ఉచితం గనుక ఈ లెక్క ఏ బిల్లులోనూ కనబడదు.

"పరీక్షలో తెలుగులో రాయబోరు కదండీ, ఇదంతా తెలుగులో ఎందుకు?" అని ఒక తల్లి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక బడిలో తెలుగుకు మిగిలిన చోటు ఇరుకైనది; ఆ కాస్తలో పద్యాలూ సంధులూ చాలునని పలువురి అభిప్రాయం. నాకది సమ్మతం కాదు. ఆమె కూతురు ఈ లెక్కను ఇంట్లో అవ్వకు చెప్పిందట. ఇంగ్లీషులో నేర్చిన పాఠాన్ని ఆ పిల్ల ఎన్నడూ అవ్వకు చెప్పలేదు. అవ్వ అంతా విని, "అట్లయితే మోటారును రాత్రంతా ఎందుకు వదిలేస్తార్రా?" అని కొడుకును నిలదీసిందట.

ఎద్దులతో కపిల తోలి నీరు తోడిన కాలం అటువంటి అవ్వలకు తెలుసు. (ఎద్దు కూడా మీథేన్ విడుస్తుందని ఒక పిల్లవాడు గుర్తుచేశాడు, కాదనలేము.) 1932లో నీలగిరిలో పైకారా జలవిద్యుత్కేంద్రం మొదలయ్యాక ఆ కరెంటు కోయంబత్తూరు మిల్లులకు అందింది; మెల్లగా బావులకూ వచ్చింది. అంటే మా వాళ్ళు గొప్పగా చెప్పుకొనే ఆ మిల్లుల వైభవం తొలినాళ్ళలో కొండనీటితో నడిచినది. బొగ్గు తరువాతది. తూత్తుకుడి కేంద్రానికి ఒడిశా బొగ్గు ఓడలలో వస్తుంది. మదురైకి దక్షిణాన కముది వద్ద 648 మెగావాట్ల సౌరకేంద్రం 2016లో వెలసింది. పల్లడం, ఉడుమలైపేట చేలలో గాలిమరలు సరేసరి.

తీగలో అన్నీ కలిసే వస్తాయి. ఏ యూనిట్ ఎక్కడిదో మోటారుకు తెలియదు. అయినా పాలక్కాడు కనుమగుండా నైరుతి గాలి ఉధృతంగా వీచే జూన్-సెప్టెంబరు నెలలలో గాలి వాటా పెరుగుతుంది. గాలి తగ్గిన నెలలలో, ముఖ్యంగా రాత్రివేళ, ఆ లోటును ఎక్కువగా బొగ్గే పూరిస్తుంది. ఆడినెల గాలి మా పిల్లలకు కొత్త కాదు. దానికీ కంబళికీ ఉన్న చుట్టరికమే కొత్త.

జలాశయం అడుగున కుళ్ళే ఆకూ అలమూ మీథేన్ విడవవా అని ఒకమ్మాయి అడిగింది. విడుస్తాయి, వేడిదేశాలలో మరీ ఎక్కువ. జలవిద్యుత్తుకు ఇచ్చిన 24 అన్ని ఆనకట్టలకూ ఒకటే కాదని పలక మీద ఆ అంకె పక్కన చుక్క గుర్తు పెట్టించాను.