పొదిలి మీదుగా రైలొస్తే

ఈసారి వంటా కాదు, పిల్లల చదువులూ కాదు. రైలు పట్టాల సంగతి. "అవన్నీ నీకెందుకు?" అని మా ఇంట్లో ముందే అడిగేశారు. ఎందుకంటే ఊరెళ్ళాలంటే సంచి సర్దేది నేను, పులిహోర పొట్లాలు కట్టేది నేను, దారిలో బాత్రూం ఎక్కడుందో లెక్కేసుకుని నీళ్ళు తాగడం మానేసేదీ నేనే. దారి గురించి ఆడవాళ్ళకి తెలిసినంత ఇంజనీర్లకి కూడా తెలియదేమో అనిపిస్తుంది నాకు.

మా అక్కది కనిగిరి. బావగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. గారపట్టిన పళ్ళు, వంగిపోయిన నడుములు చూస్తూనే పెరిగాం మేమంతా. కిడ్నీ జబ్బులు కూడా ఈ పడమటి పల్లెల్లో ఎక్కువే. బావగారు మూడు నెలలకోసారి మద్రాసు వెళ్ళి చూపించుకోవాలి. ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చెప్తాను.

పొద్దున వంట చేసి, బాక్సులు కట్టుకుని, మధ్యాహ్నం కనిగిరిలో బస్సెక్కుతారు. ఒంగోలు చేరేసరికి రెండున్నర గంటలు. 2025 ఆగస్టు 15 నుంచి మనకి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ లేదు కదా, అక్కది ఉచితం, బావగారిది డబ్బులు. "జబ్బు మనిషికి టికెట్టు, తోడొచ్చే మనిషికి ఫ్రీ" అని ఆయన నవ్వుతారు. ఉచితం మంచిదే, నేనేం కాదనను. కానీ బస్సులో సీటు దొరకడం ఇప్పుడు ఇంకా కష్టమైంది. ఒంగోలులో దిగి ఆటో పట్టుకుని స్టేషన్. అక్కడి నుంచి మద్రాసు దాదాపు 290 కిలోమీటర్లు. రిజర్వేషన్ దొరికితే సరే. దొరక్కపోతే, ఎక్కడెక్కడి నుంచో నిండుగా వచ్చిన బండిలో నిలబడాలి.

ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. వెయిటింగ్ లిస్టు చివరిదాకా కదల్లేదు. టికెట్లు వాటంతటవే రద్దయిపోయాయి. డాక్టరు ఇచ్చిన తేదీ మాత్రం రద్దవదు కదా. జనరల్ పెట్టె తలుపు దగ్గర బావగారిని ఒక సంచి మీద కూర్చోబెట్టాం. అక్క ఆయనకి గోడలా నిలబడింది. ఒకాయన జరగమని కసిరితే, "యాడికి జరగమంటావు నాయనా, ఆయన మీదికా?" అంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. నెల్లూరు దాకా ఆమె కాళ్ళు కూడా కదపలేదు. అక్కడ ఒక కాలేజీ పిల్ల లేచి బావగారికి చోటిచ్చింది.

ఇంటికొచ్చాక మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. ఒంగోలులో బండి ఎందుకంత నిండుగా వస్తుంది? చూస్తే విజయవాడ దగ్గర కిటుకు తెలిసింది. ఢిల్లీ వైపు నుంచి వచ్చేవి, హౌరా, విశాఖ వైపు నుంచి వచ్చేవి అక్కడే కలుస్తాయి. హైదరాబాదు నుంచి నల్గొండ, గుంటూరు మీదుగా వచ్చేవేమో తెనాలిలో కలుస్తాయి. అన్నీ కలిసి బాపట్ల, ఒంగోలు, నెల్లూరు మీదుగా గూడూరు దాకా ఒకే దారిన పోవాలి. గూడూరు దాటాకే తిరుపతివి తిరుపతికి, మద్రాసువి మద్రాసుకి విడిపోతాయి. నూనె డబ్బా అంతా ఒక్క గరాటులో పోసినట్టు. మధ్యలో ఉన్న మనం ఆ గరాటు గొట్టం దగ్గర నిలబడి చెంబు పడతాం.

ఆ గొట్టాన్ని వెడల్పు చేయడానికి విజయవాడ, గూడూరు మధ్య మూడో లైను వేస్తున్నారు. అది బళ్ళకి మేలు, సందేహం లేదు. కానీ కనిగిరి మనిషి, పామూరు మనిషి, పొదిలి మనిషి మాత్రం అప్పుడూ ఒంగోలే రావాలిగా.

అందుకే నా ఆశంతా ఇంకో లైను మీద. నడికుడి – శ్రీకాళహస్తి. 2011–12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది, సుమారు 309 కిలోమీటర్లు. అప్పుడు మా అమ్మాయి మూడో తరగతి, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. సగం ఖర్చు రాష్ట్రం పెట్టుకోవాలన్న ఒప్పందం, భూసేకరణ, ఇవి తేలడానికే ఏళ్ళు గడిచాయి. పిడుగురాళ్ళ నుంచి సావల్యాపురం దాకా పట్టాలు పడ్డాయి. అక్కడ మన గుంటూరు – గుంతకల్లు లైనులో కలిసి, కొంత దూరం దాని మీదే వచ్చి, గుండ్లకమ్మ స్టేషన్ దగ్గర మళ్ళీ విడిపోయి దర్శి వైపు తిరుగుతుంది. దర్శి దాకా కూడా పట్టాలొచ్చాయి. ఆ తర్వాత పొదిలి, కనిగిరి, పామూరు, ఇంకా కిందికి పోతే నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళు, వెంకటగిరి, శ్రీకాళహస్తి. ఈ పేర్లు వరసగా చదువుతుంటే నాకు మా చుట్టాల పెళ్ళి శుభలేఖల జాబితా చదివినట్టుంటుంది. వీటిలో చాలా ఊళ్ళు రైలు కూత వినకుండానే ఇన్నేళ్ళు గడిపేశాయి.

ఇది పూర్తయితే హైదరాబాదు నుంచి నల్గొండ మీదుగా మద్రాసుకో తిరుపతికో పోయే బళ్ళలో కొన్నింటిని నడికుడి దగ్గరే ఇటు తిప్పొచ్చు. నారాయణాద్రి, చెన్నై ఎక్స్‌ప్రెస్, 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్ – తిరుపతి వందే భారత్, అన్నీ ఇప్పుడు గుంటూరు, ఒంగోలు మీదుగానే పోతున్నాయి. అన్నీ తిప్పమని కాదు, ఒంగోలు వాళ్ళూ నెల్లూరు వాళ్ళూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కానీ రెండో దారంటూ ఉంటే కొత్త బళ్ళయినా ఇటు వేయొచ్చు.

తుఫాను మాట కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ లైన్లో ఎన్నో బళ్ళు రద్దయ్యాయి. బావగారి మద్రాసు తేదీ ఆ వారంలోనే పడింది. వెళ్ళలేకపోయారు. సముద్రానికి దూరంగా మెట్టలో ఇంకో దారి ఉండటమంటే మా అక్కకి అర్థం అది.

ఇదంతా ఒకరోజు ఫోన్లో మా అమ్మాయికి చెప్పాను. హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ మెట్రోలో పోతుంది. అమీర్‌పేటలో మారాలి. మూడు పెట్టెల బండి, ఆ మెట్ల మీద జనం, ఒకరి బ్యాగు ఇంకొకరి వీపు మీద. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు ఇక ఊరు ఊపిరి పీల్చుకుంటుందన్నారు. ఇప్పుడు మెట్రోకే ఊపిరాడటం లేదంటుంది. "అమ్మా, అమీర్‌పేటలో ఉన్న జనమంతా అమీర్‌పేట రావాలని వచ్చినవాళ్ళు కాదు. ఇంకో దారి లేక వచ్చినవాళ్ళు" అంది. ఒంగోలు ప్లాట్‌ఫారం మీద మా అక్క కూడా అంతేగా. కనిగిరిలో బండెక్కగలిగితే ఆమెకి ఒంగోలుతో పనేముంది? ఆమె రాకపోతే ఒంగోలు మనిషికి ఒక సీటు మిగులుతుంది.

వెంటనే ఇంకో మాట కూడా అంది పిల్ల. "లైను వేస్తే చాలదు, బళ్ళు వేయాలి. నాలుగు పెట్టెలు ఎక్కువ తగిలించినా మా రద్దీ సగం తగ్గుతుంది." అది నా మనసులో ముల్లులా దిగింది. ఎందుకంటే పట్టాలు పడగానే గూడ్సు బళ్ళు ముందొస్తాయి. పల్నాడు సిమెంటుకి దారి కావాలి, ఒప్పుకుంటాను. కానీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ప్యాసింజరు లేకపోతే ఆ లైను మా ఊళ్ళకి చూసుకోవడానికే పనికొస్తుంది.

మార్కాపురం వాళ్ళం మేమేదో సుఖంగా ఉన్నామని కనిగిరి వాళ్ళనుకుంటారు. మాకు లైనుంది నిజమే. మా అమ్మ పుట్టిల్లు గిద్దలూరు. మీటరు గేజి బండిలో నల్లమల దాటి నంద్యాల పోయిన కబుర్లు ఆమె ఇప్పటికీ చెప్తుంది, బొగద సొరంగంలో పిల్లలందరూ కేకలేయడం, 1880ల నాటి దొరబావి వంతెన మీద బండి పోతుంటే పెద్దవాళ్ళు దణ్ణం పెట్టుకోవడం. తొంభైల్లో బ్రాడ్‌గేజి వేసినప్పుడు ఆ వంతెన దారి వదిలేశారు. ఆ తర్వాత కూడా ఒంటి లైనే కాబట్టి, ఎదురు బండి కోసం దొనకొండలోనో కంభంలోనో ఆగితే ఆగినట్టే. దొనకొండలో ఆగిన బండిలో కూర్చుని నేను ఒక స్వెట్టరు చెయ్యి సగం అల్లాను. ఇప్పుడు గుంటూరు – గుంతకల్లు రెండో లైను, దాదాపు 400 కిలోమీటర్లు, చాలామటుకు పూర్తయింది. ఆ ఆగడాలు తగ్గాయి. కానీ మా లైను తూర్పు పడమర. ప్రశాంతి, కొండవీడు, అమరావతి, ఏది ఎక్కినా పడమటి వైపో గుంటూరు వైపో. మద్రాసు పోవాలంటే మేమూ బస్సెక్కి, చీమకుర్తి గ్రానైటు లారీల వెనక పాకుతూ, ఒంగోలు పోవాల్సిందే.

ఇదేం కొత్త కాదులెండి. 1970 ఫిబ్రవరిలో జిల్లా కట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి తెచ్చి కలిపారు. మా పెద్దవాళ్ళ పెళ్ళి సంబంధాలు కర్నూలు వైపు, అక్క అత్తింటివాళ్ళవి నెల్లూరు వైపు. అందరం ఒంగోలు పోవడం ఆ తర్వాత అలవాటైంది.

లైను పూర్తయ్యేలోగా మన ఆడవాళ్ళం అడగాల్సినవి కొన్నున్నాయి. స్టేషన్లు ఊరికి దూరంగా కడతారు. రాత్రి పదింటికి దిగిన ఆడమనిషి ఊళ్ళోకి ఎలా రావాలి? బండి వేళకి బస్సుంటుందా? ప్లాట్‌ఫారం మీద బాత్రూముకి తాళం వేయకుండా ఉంచుతారా? నీళ్ళ కుళాయిలో వచ్చేది ఏ నీళ్ళు? ఫ్లోరైడ్ ఊళ్ళో ఇది చిన్న ప్రశ్న కాదు. బండి వేళ మద్రాసు ఆసుపత్రుల ఓపీ వేళకి సరిపోతుందా? ఈ పనికి భూములిచ్చిన రైతుల్లో మా దూరపు చుట్టాలూ ఉన్నారు. వాళ్ళ పొలం మీదుగా పోయే బండి వాళ్ళ ఊరి దగ్గర ఆగకుండా పోతే ఎలా?

కనిగిరి వైపు పనులు సాగుతున్నాయి. బావగారు సాయంత్రం నడకకి పోయి మట్టికట్ట ఎంత లేచిందో చూసొస్తారు. డాక్టరు రోజూ నడవమన్నాడు కాబట్టి అక్క ఏమీ అనదు. మొన్న ఫోన్లో, "ఇంకో కల్వర్టు పూర్తయిందమ్మాయ్" అన్నారు, సొంతిల్లు కట్టుకుంటున్నట్టు.

వచ్చే నెల మళ్ళీ మద్రాసు. నేనూ తోడు వెళ్తున్నాను. ప్రస్తుతానికి ఆర్‌ఏసీ దాకా వచ్చింది, రెండు సీట్లు కన్ఫర్మ్ అయితే బావగారికి కింది బెర్తు అడగాలి.