తేనెటీగకు సుస్తీ చేస్తే

మనకు ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుగారు మొట్టమొదట అడిగేది “ఏం తిన్నారు?” అనే కదా! తేనెటీగకు సుస్తీ చేసినా అడగవలసింది అదేనట.

“దానికీ జబ్బులా, విడ్డూరం కాకపోతే!” అంది మిర్యాలగూడలో మా వదిన.

లేకేం వదినా! 1991, 92లలో ఒక వైరస్ సోకి, చెట్టు తొర్రల్లో కాపురముండే మన నాటు తేనెటీగలు దక్షిణాదిన కుప్పలుగా పోయాయి. గూట్లో పిల్లపురుగు ఎదగకుండా నీళ్ళసంచిలా మారి చచ్చిపోతుంది. వైరస్ ఎక్కడిదైనా, తట్టుకునే బలం మాత్రం తిండిని బట్టే ఉంటుంది.

మరి ఆ తిండి సంగతేమిటి? కోదాడలో బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ రండి. కనుచూపు మేరా వరే. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక వచ్చిన సిరి ఇది. మిర్యాలగూడ రైసుమిల్లులు నడిచేదీ, మన కంచంలోకి అన్నం వచ్చేదీ ఈ వడ్లతోనే. కాదనేదెవరు? కానీ వరి చాలామటుకు తన పుప్పొడితో తానే గింజ కట్టే పైరు. దాని పువ్వులో తేనె చుక్కయినా ఉండదు.

ఇక గట్టు మీద మిగిలిన నాలుగు పూలే దిక్కు. ఊరందరికీ చలివేంద్రంలో ఒకటే గ్లాసు పెడితే జలుబు ఎలా పాకుతుందో, ఒకే పువ్వు మీద పది రకాల ఈగలు వాలితే రోగమూ అలాగే పాకుతుంది. పైగా తేనెటీగకు పప్పూ కూరా అన్నీ పుప్పొడే. రకరకాల పూల పుప్పొడి తిన్న ఈగకు రోగాన్ని ఎదిరించే శక్తి ఎక్కువని పరిశోధనల్లో తేలింది. పచ్చడి మెతుకులతో పెరిగిన పిల్లకూ, అన్నీ తిని పెరిగిన పిల్లకూ తేడా మనకి తెలియనిదా?

గట్టు మీద తంగేడు మొక్కనీ, కంచెలో పిచ్చిపూలనీ మందు కొట్టి మాడ్చేస్తాం. సూర్యాపేటలాంటి టౌన్లలోనైతే, కానుగ చెట్టు నీడన స్కూటరు నిలుపుకున్నవాళ్ళమే, రాలిన పూలు ఊడవలేక ఆ చెట్టునే కొట్టించేస్తాం!

వైరస్‌కి మనం మందు వెయ్యలేం. పెరట్లో మునగ, తులసి, నాలుగు బంతిమొక్కలు ఉండనివ్వగలం కదా. గుమ్మడి పిందె నిలవాలంటే పొద్దున్నే తేనెటీగ మగపువ్వు మీంచి ఆడపువ్వు మీదకు రావాలి. అది కాస్తా మంచాన పడితే, మన పులుసులోకి ముక్కలెక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి!