సాలార్‌జంగ్ మ్యూజియంలో దాదీ

పోస్ట్ కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

కరణ్‌కోట పక్క తండాల నుంచి ఆరుగురం స్టూడెంట్స్‌మి, మాతోపాటు ఒక దాదీ, హైదరాబాద్ పోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చినం. ఎట్ల పోవాలని గ్రూపులో చాలామంది అడిగిండ్రు కాబట్టి ముందు అది చెప్తం. తాండూరులో రైలెక్కి నాంపల్లిలో దిగినం. అక్కడి నుంచి మెట్రోలో ఎంజీబీఎస్, ఆ తర్వాత మూసీ దాటి నడక. శుక్రవారం సెలవు, ఆ రోజు పోకండి. ఒక పూటలో అంతా చూసేస్తమని కూడా అనుకోకండి.

అక్కడున్నది ముగ్గురు సాలార్‌జంగ్‌లు పోగు చేసిన సామాను. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొన్నది. ఆయన 1949లో చనిపోయిండు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడిలో నెహ్రూ దీన్ని మ్యూజియంగా ప్రారంభించిండు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది, 1968లో ఇప్పుడున్న బిల్డింగ్‌కు మార్చిండ్రు. మ్యూజియం అంటే రాజుల బొమ్మలు, పాత రాళ్లు అనుకుని పోయినం. తీరా చూస్తే ఎక్కువగా వాడుకునే వస్తువులే: కుర్చీలు, గిన్నెలు, కత్తులు, కార్పెట్లు, బట్టలు, గడియారాలు. నూర్జహాన్ పండ్లు కోసుకున్న కత్తి కూడా అక్కడ ఉంది. పండ్లు కోసే కత్తిని మ్యూజియంలో పెట్టొచ్చంటే దాదీ కాంచళిని ఎందుకు పెట్టొద్దని మాలో ఒకరు అక్కడే అన్నరు. నవ్వుకున్నం గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది.

దాదీ నలభై ఏండ్లు సూది పట్టిన మనిషి. చదువు లేదు. మేము బోర్డులు చదివి వినిపిస్తుంటే ఆమె వినలేదు, వస్తువునే చూసింది. ముసుగు రెబెక్కా దగ్గర అందరూ ఆగుతరు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నడు. ముఖం మీది ముసుగు తడిసిన పల్చటి బట్ట లెక్క కనిపిస్తది, కానీ మొత్తం రాయే. "బట్ట మడత ఎటు పడ్తదో వీనికి బాగ తెల్సు" అన్నది దాదీ. మాలో ఒకడు సెలవుల్లో బండల పాలిష్ మిషన్ మీద పనిచేస్తడు. మన తాండూరు నాపరాయి పలకలుగా లేస్తది, అంచు కొంచెం గట్టిగ తగిలితే పెచ్చు ఊడుతది. వాడు ఆ ముసుగు అంచునే చూసుకుంట చాలాసేపు నిలబడ్డడు.

ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్ ఉన్న బొమ్మకు వెనక అద్దం పెట్టిండ్రు, రెండు దిక్కులా కనిపించాలని. అది దాదీకి మస్తు నచ్చింది. ఏ బట్టనైనా ఆమె ముందు తిప్పి వెనక చూస్తది. దారం ఎక్కడ ముడేసిండ్రు, ఎక్కడ అతికిచ్చిండ్రు అన్నది వెనకనే తెలుస్తదంట.

ఎక్కువసేపు ఆగింది బిద్రీ సామాను దగ్గర. బీదర్ మనకు దూరం కూడా కాదు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తరు, పైన గీతలు చెక్కి ఆ గీతల్లో వెండి కొట్టి కూర్చుతరు. తర్వాత బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్లల్ల వేస్తే లోహం నల్లబడుతది, వెండి మాత్రం తెల్లగనే ఉంటది. ఇంత పని చేసిన ఉస్తాదుల పేర్లు మనకు మిగల్లేదు. బెంజోనీ పేరు మాత్రం నూటయాభై ఏండ్లయినా ఉన్నది. ఆయన పని కొన్నోళ్లు పేరు చూసి కొన్నరు, రాసి పెట్టుకున్నరు. కార్ఖానాలో కూర్చుని హుక్కా కుండకు వెండి కొట్టినోని పేరు ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. మేము వస్తువులను ఫోటోలు తీస్తుంటే మనుషులొచ్చి దాదీని ఫోటోలు తీసిండ్రు. పేటియా, కాంచళి, టుక్రి మీదనే వచ్చింది కదా. కొందరు అడిగి తీసిండ్రు, కొందరు అడగకుండనే. ఒకామె పేటియా అంచు పట్టుకుని "ఎంతకిస్తవు?" అన్నది. దాదీ "ఇస్తే ఏం కట్టుకుని పోవాలె?" అన్నది. ఒక్కరు కూడా "ఎవరు కుట్టిండ్రు?" అని అడగలేదు.

మన పూర్వీకులు లదేనీ చేసినోళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊర్లు తిరిగిండ్రు, సైన్యాలకు కూడా సరుకు మోసిండ్రు. గోడ లేనోళ్లు బొమ్మ ఎక్కడ తగిలిస్తరు? అందుకే పనితనమంతా ఒంటి మీద వేసుకునే దాంట్ల, మడిచి ఎద్దు మీద వేసేదాంట్ల పెట్టిండ్రు. అద్దాలు, గవ్వలు, నాణేలు, పాత బట్ట ముక్కలు ఏవీ పారెయ్యలేదు. దీన్నే ఇప్పుడు కాలేజీల్లో డిజైన్ అని చెప్తున్నరు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1852లో మొదలైంది. వస్తువులు తయారుచేసేటోళ్లు మంచి పని చూసి నేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. పగలు పనికి పోయేటోళ్లు రావాలని రాత్రిపూట గ్యాస్ దీపాలు పెట్టి తెరిచిండ్రు. ఆ లెక్కన మా ఏడుగురిలో మ్యూజియంకు అసలైన మనిషి దాదీనే. మీరు పోయినప్పుడు కూడా చేతిపని తెలిసిన పెద్దోళ్లను తోల్కపోండి.

ఇక అసలు సంగతికొస్తం. తండాల్లో పాత కాంచళులు, కోత్ళీలు పోతున్నయి. స్టీలు సామాను అమ్మేటోళ్లు వచ్చి ఒక గంజు ఇచ్చి కోత్ళీ పట్టుకపోతున్నరు. ఇచ్చేటోళ్లను తప్పు పట్టలేం, కట్టుకునేటోళ్లు లేనప్పుడు పెట్టెల పెట్టి ఏం చేస్తరు? కానీ బళ్లారి జిల్లా సండూర్‌లో మనోళ్లే ఆ కుట్టుకు జీఐ గుర్తింపు తెచ్చుకున్నరు. 2023 జూలైలో హంపిలో జీ20 మీటింగ్ అప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులు ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. అక్కడ కుట్లకు పేర్లు రాసుకున్నరు: కిలన్, వేలే, మాకి, ఇంకా చాలా. మా దాదీ అయితే పేరు చెప్పదు, సూది పట్టి చూపిస్తది.

అందుకే వచ్చినంక ఒక నోట్‌బుక్ మొదలుపెట్టినం. ఒక్కో వస్తువుకు ఒక పేజీ. ఎవరింట్ల ఉంది, ఎవరు కుట్టిండ్రు, ఏ పెండ్లికి, బట్ట ఎక్కడ కొన్నరు, గోర్‌బోలిలో దాన్ని ఏమంటరు. ఫోటోలు రెండు, ముందుది ఒకటి, వెనకది ఒకటి. ఎవరినీ అమ్మొద్దని చెప్పట్లే, అమ్మేముందు మాకు ఒక గంట ఇవ్వమని అడుగుతున్నం. గ్రూపులో ఉన్న ఎరుకల తమ్ముళ్లు బుట్టలకు, ఆదిలాబాద్ దోస్తులు ఓజుల ఇత్తడి పనికి ఇట్లాంటిదే మొదలుపెడితే మా పేజీ నమూనా పంపిస్తం.

మొదటి పేజీ దాదీ కాంచళిదే. "కుట్టినవారు" అన్నచోట ఆమె పేరు రాస్తుంటే ఆపింది. ఛాతీ మీది పని వాళ్ల యాడీదంట, చేతులు మాత్రమే తనవంట. సరే, యాడీ పేరు చెప్పమన్నం. ఊరంతా ఆమెను ఫలానోని యాడీ అనే పిలిచేటోళ్లంట, అసలు పేరు దాదీకి వెంటనే గుర్తుకు రాలే. మరుసటి రోజు పొద్దున ఫోన్ చేసి చెప్పింది. రాసినం.