మేడ్చల్ నుంచి హైదరాబాదుకి కాపురం మార్చాలా?

"ఉండేది హైదరాబాదులోనే, పోయేదీ హైదరాబాదుకే, మళ్ళీ ఇల్లు మారడమేందిరా?" నెల రోజులుగా చుట్టాలందరూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదే. వాళ్ళ తప్పేం లేదు లెండి. కరీంనగర్‌లోనో సిద్దిపేటలోనో కూర్చుని చూస్తే మేడ్చలూ గచ్చిబౌలీ ఒకే ఊరు. పొద్దున ఎనిమిదింటికి కారు తీసిన వాడికి మాత్రం రెండు వేరు వేరు జిల్లాలు. (నిజంగానే వేరు జిల్లాలు. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు మాది మేడ్చల్-మల్కాజిగిరి అయింది, గచ్చిబౌలి రంగారెడ్డిలోనే ఉండిపోయింది.)

సంగతేంటంటే, నాకు నానక్‌రామ్‌గూడలో ఒక ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చేస్తున్నది 2020 మార్చి నుంచీ ఇంటి నుంచే. ఆ ప్రాజెక్టు ఇంకో ఆరు నెలలకి మించి నడవదని టీములో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరంతే. కాబట్టి "ఉన్నచోటే హాయిగా ఉండొచ్చుగా" అనే సలహా ఇక్కడ పనికిరాదు. కొత్త కంపెనీ వాళ్ళు చేతికొచ్చే జీతం నెలకి 32 వేలు పెంచారు, వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు. వాళ్ళ క్యాబులు మా వైపు కొంపల్లి దాకా కూడా రావు.

మన వాళ్ళకి ఇలాంటప్పుడు ఒకే మంత్రం తెలుసు: ఆఫీసు దగ్గరికి మారిపో! నేనూ రెండు ఆదివారాలు నల్లగండ్ల, గోపనపల్లి, తెల్లాపూర్ తిరిగి ఇళ్ళు చూశాను. రెండు బెడ్రూముల ఫ్లాటు, మాకు సరిపోయేది, 36 వేలు కిరాయి, మెయింటెనెన్సు నాలుగున్నర వేలు. మేడ్చల్లో మా ఇల్లు కిరాయికిస్తే పదకొండు వేలొస్తుందని బ్రోకరు చెప్పాడు. లోను ఈఎంఐ ఎక్కడున్నా కట్టాల్సిందే కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాను. పిల్లలిద్దరికీ స్కూలు ఫీజుల తేడా ఏడాదికి లక్షా ఎనభై వేలు, అంటే నెలకి పదిహేను వేలు. చేరేటప్పుడు ఒకసారి కట్టేది వేరే, అది తలుచుకోవడం లేదు.

ఇప్పుడు కూడండి. వచ్చేది 32, ఇంటి కిరాయి 11, మొత్తం 43 వేలు. పోయేది 36, నాలుగున్నర, 15, మొత్తం యాభై అయిదున్నర వేలు. అంటే జీతం పెరిగిన పుణ్యానికి నెలకి పన్నెండున్నర వేలు చేతి నుంచి పెట్టుకోవాలి! కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి కట్టిన కిరాయి మీద మినహాయింపు కూడా లేదాయె. ఒక్కటే ఊరట. ఆ విధానంలో మనం ఉంటున్న ఇంటి లోను వడ్డీకి మినహాయింపు రాదు గానీ, ఇల్లు అద్దెకిస్తే ఆ వచ్చిన అద్దె మేరకు వడ్డీ చూపించుకోవచ్చు. ఆ పదకొండు వేల మీద పన్ను పడకపోవడం తప్ప దాని వల్ల ఒరిగేదేం లేదు.

కొంపల్లిలో మా పక్క వీధిలో ఉండే స్నేహితుడొకడు 2022లో బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌కి మారాడు. అక్కడ ఇంటివాళ్ళు ఆరు నెలల నుంచి పది నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారు కదా, ఆ డబ్బు కోసం వాడు బంగారం మీద లోను తీసుకున్నాడు. "హైకు మొత్తం మొదటి ఏడాది ఇంటివాడికే పోయింది" అంటాడు. అయినా వాడు బాగానే ఉన్నాడు. వాళ్ళావిడా సాఫ్ట్‌వేరే, ఆర్నెల్లు తిరక్కుండా ఆమెకీ అక్కడ ఉద్యోగం దొరికింది. తేడా అంతా ఇక్కడే ఉంది, నేను చెప్పాలనుకున్నదీ ఇదే.

మా ఆవిడ మైక్రోబయాలజీ చదివింది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఒక టీకాల కంపెనీలో తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. క్లీన్ రూముల్లో గాలి, నీళ్ళు, గోడల మీద నుంచి శాంపిళ్ళు తీసి, ప్లేట్ల మీద ఏమైనా మొలిచిందా లేదా అని చూసే పని. కంపెనీ బస్సు పొద్దున మా సందు చివర ఎక్కించుకుంటుంది, శామీర్‌పేట మీదుగా ముప్పావు గంటలో అక్కడుంటుంది. జీతం 46 వేలు. నా జీతంతో పోలిస్తే చిన్నదే కావొచ్చు. కానీ ఆ 46 వేలు పైన చెప్పిన లెక్కలో వేసి చూడండి. తను మానేస్తే నెలకి పన్నెండున్నర వేల లోటు కాస్తా యాభై ఎనిమిదిన్నర వేల లోటవుతుంది. పేరు మాత్రం ప్రమోషను!

మానకుండా అక్కణ్ణుంచే రోజూ పోవచ్చు కదా అంటారేమో. తెల్లాపూర్ నుంచి తుర్కపల్లికంటే ఔటర్ మీద నేను తిరగబోయే దూరాన్నే, ఇంకాస్త పొడిగించి, తను తిరగాలి. ఆ బరువు నా నెత్తి మీద నుంచి తీసి తన నెత్తిన పెట్టడం తప్ప అందులో ఇంకేం లేదు.

మా బావగారు (నాకంటే లోకజ్ఞానం ఎక్కువున్న మనిషి) తేల్చిపారేశాడు: "మా చెల్లెకు ఆ పక్క ఏదో ఒకటి దొరక్కపోతదా?" ఈ "ఏదో ఒకటి" అన్న మాట ఎప్పుడూ ఆడవాళ్ళ ఉద్యోగాల గురించే ఎందుకు వస్తుందో! మా ఆవిడ నిజంగానే వెతికింది. పడమటి వైపు దొరికేవి చాలా వరకు మందుల కంపెనీల ఆఫీసు ఉద్యోగాలు. ఎవరికో ఎక్కడో మందు పడక దద్దుర్లొస్తే ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని. "నేను ప్లేట్లు చదివే మనిషిని, అక్కడ ఫారాలు నింపే మనిషినవుతా" అంది. అంతే, ఇంకేం అనలేదు.

తన పని అక్కడే ఎందుకుందంటే, దానికో చరిత్ర ఉంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఏడాది తిరిగేసరికి శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ మొదలైంది. సాఫ్ట్‌వేర్ పడమటికి, టీకాలు ఉత్తరానికి. అంతకు చాలా ముందే బాలానగర్‌లో ఐడీపీఎల్ (1961లో పెట్టారు), ఆ తర్వాత జీడిమెట్ల ఫ్యాక్టరీలు రావడంతో మందుల పని తెలిసిన జనం ఈ ఉత్తరం వైపే స్థిరపడ్డారు. మొగుడు ఒక రకం పనీ, పెళ్ళాం ఇంకో రకం పనీ చేస్తే వాళ్ళ కాపురం ఎక్కడ పెట్టాలో ఈ రెండు పార్కులూ పెట్టిన వాళ్ళెవరూ ఆలోచించినట్టు లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వేసి, తిరగండి నాయనా అన్నారు.

సరే, తిరుగుదామనే చూశాను. ఇంటి నుంచి నానక్‌రామ్‌గూడకి ఔటర్ మీద దాదాపు యాభై కిలోమీటర్లు. బైకులని ఔటర్ ఎక్కనివ్వరు కాబట్టి కారే దిక్కు. నేను లెక్క వేసిన రోజున పెట్రోలు లీటరు 107 రూపాయలు, టోలు రానూ పోనూ రెండొందల పైచిలుకు, అంతా కలిపి రోజుకి తొమ్మిది వందల పైనే. నెలకి పదిహేడు రోజులేసుకుంటే పదహారు వేలు. పెరిగిన జీతంలో సగం రోడ్డు మీదే! మిగిలిన పదహారు వేల కోసం నెలకి యాభై గంటలు స్టీరింగు పట్టుకోవాలి. బైకు మీదైతే గండిమైసమ్మ, బాచుపల్లి, మియాపూర్ దారి. ఆ దారి తెలిసినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు.

మరి రైలు? 2023 ఏప్రిల్లో ఎంఎంటీఎస్ మేడ్చల్ దాకా వచ్చిన రోజు మా కాలనీ అంతా పండగలా స్టేషనుకి వెళ్ళొచ్చాం. రైలు బాగుంటుంది, చవక కూడా. దాని వేళలకీ మన ఆఫీసుల వేళలకీ కుదరదు, అదొక్కటే ఇబ్బంది. లింగంపల్లిలో దిగాక మళ్ళీ ఆటో వెతుక్కోవాలి. ఇక 2022 ఫిబ్రవరిలో కండ్లకోయలో ఐటీ పార్కుకి శంకుస్థాపన చేసినప్పుడు నేనైతే అక్కడికి సైకిలు మీద వెళ్ళొచ్చనుకున్నాను. 2024 మార్చిలో ఇటు జాతీయ రహదారి మీదా, అటు శామీర్‌పేట వెళ్ళే రాజీవ్ రహదారి మీదా ఎలివేటెడ్ కారిడార్లకి శంకుస్థాపనలయ్యాయి. 2025 జనవరి ఒకటిన ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కి 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకి 22 కిలోమీటర్లు మెట్రో అని ప్రకటించారు. అన్నీ రావాలనే కోరుకుంటాను. కానీ మా పెద్దవాడు ఇప్పుడు ఏడో తరగతి. వాడు ఇంజనీరింగులో చేరేలోపు నేను మెట్రో ఎక్కుతానా అన్నది ప్రశ్న. శంకుస్థాపన చూసి కాపురం పెట్టేవాడు రియల్ ఎస్టేటు బ్రోచరు నమ్మినట్టే.

మా బాపు 1984లో గజ్వేల్ దగ్గర మా ఊరి నుంచి జీడిమెట్లకి పనికొచ్చాడు. చింతల్లో నలుగురితో కలిసి గది. మేమంతా ఊళ్ళోనే. ఆరేళ్ళు అలాగే గడిచింది, శనివారం రాత్రి బస్సులో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో ఇంటికి కిరాయి లేదు, పాలు కొనక్కర్లేదు, పట్నం కూలి పట్నం కూలే. అప్పటి లెక్కకి అది సరైనదే. అమ్మ ఊళ్ళో చేసే వ్యవసాయాన్ని ఎవరూ ఉద్యోగమనలేదు గానీ, బాపు అమ్మని "ఏదో ఒకటి" చూసుకోమని మాత్రం అనలేదు. పొలం కదలదు కాబట్టి కదలగలిగినవాడు కదిలాడు.

నాకు ఇన్ని లెక్కలేసినా దొరకనిది అక్కడ దొరికింది. నా పని లాప్‌టాప్‌లో ఉంటుంది, ఎక్కడికైనా వస్తుంది. 2020లో చూశాం కదా! నేను ఇంట్లో కూర్చుని పప్పులో తాలింపు వేస్తూ మీటింగులు వింటుంటే, తను పాసు మెడలో వేసుకుని రోజూ తుర్కపల్లి వెళ్ళింది. ఆ ఏడాది నవంబరు చివర్లో ప్రధానమంత్రి ఆ వ్యాలీకి టీకా పని చూడ్డానికొచ్చారు. అలాంటప్పుడు కూడా తన పని ఇంటికి రాలేదు, రాలేదు కూడా. టీకాని ఎవరూ వంటింట్లో నింపరు. కాబట్టి మా ఇంట్లో ఇల్లెక్కడ ఉండాలో తన పనే తేల్చాలి, నా జీతం కాదు. ఎవరి జీతం ఎక్కువో వాళ్ళ ఆఫీసు పక్కన ఇల్లు తీసుకోవడం మనకి అలవాటైపోయింది. ఎవరి పని కదలదని అడగం.

అమ్మ మాత్రం వేరే కారణం చెప్పింది. "గాడ పాలకు కూడ యాప్ జూడాలె, నేను రాను బిడ్డా." అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మేడ్చల్ కూరగాయల వాళ్ళందరికీ తను పేరుతో తెలుసు.

పోయిన వారం హెచ్‌ఆర్‌తో మాట్లాడాను. నాలుగు రోజులు కాదు, మంగళ బుధ గురు వారాలు మూడు రోజులొస్తాను, మారే ఉద్దేశం లేదు అని. ముందు "పాలసీ" అంది ఆ అమ్మాయి, పాపం ఆమె చేతిలో ఏముంది. రెండు రోజులకి ఫోన్ చేసి, మొదటి ఆరు నెలలకి సరే, తర్వాత మేనేజరు ఇష్టం అంది. జీతం 32 వేలకి బదులు 27 వేలే పెరుగుతుంది. ఒప్పుకున్నాను.

మంగళ, బుధవారాలు రాత్రి గచ్చిబౌలిలో ఒక మెన్స్ హాస్టల్లో పడక, రోజుకి ఆరొందలు, పొద్దున ఇడ్లీతో సహా. నలభై రెండేళ్ళ వాణ్ణి, పక్క మంచం మీద నిన్నగాక మొన్న కాలేజీ నుంచొచ్చిన కుర్రాడు ఉంటాడట. వారానికో రానూపోనూ ప్రయాణం కలుపుకుని నెలకి తొమ్మిది వేల పైన ఖర్చు. పద్ధెనిమిది వేల దాకా మిగులుతుంది. ఆ రెండు పూటలా పిల్లల్ని స్కూలుకి తయారు చేసేది అమ్మే, తనకది కొత్త బరువు. దానికి లెక్క కట్టలేదు. ఆరు నెలల తర్వాత మేనేజరు ఏమంటాడో అప్పుడు చూసుకోవాలి.

వచ్చే నెల మొదటి మంగళవారం చేరుతున్నాను. పొద్దున ఆరున్నరకి మేడ్చల్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్ళేవాళ్ళు, గురువారం సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. కారులో మూడు సీట్లు ఖాళీ. పెట్రోలూ టోలూ పంచుకుందాం.